లాహోర్‌లో ఆగిపోయిన బిల్లు

1947 ఆగస్టు 14న, దేశం రెండుగా చీలబోతున్న వేళ, గవర్నర్ జనరల్ ఒక ఉత్తర్వు జారీ చేశారు. హక్కులు, ఆస్తులు, అప్పుల పంపకం దాని పని. అందులోని ఎనిమిదో అధికరణం ప్రకారం, పాత ప్రభుత్వం కుదుర్చుకున్న కాంట్రాక్టు పూర్తిగా పాకిస్తాన్ అవసరాలకే చెందితే అది పాకిస్తాన్‌ది; మిగతావన్నీ భారత్‌వి. కాగితం మీద తేటైన లెక్క. ఇల్లూ వాకిలీ వదిలేసి ఢిల్లీ చేరిన సరఫరాదారు పాలిట మాత్రం అదే శాపమైంది.

నార్త్ వెస్టర్న్ రైల్వేనే తీసుకుందాం. అది ప్రభుత్వ రైల్వే. ప్రధాన కార్యాలయం లాహోర్‌లో, పెద్ద వర్క్‌షాపులు మొఘల్‌పురాలో. కరాచీ నుంచి ఢిల్లీ దాకా దాని పట్టాలే. విభజనలో 5,000 మైళ్లకు పైగా మార్గం పాకిస్తాన్‌కు పోయింది. దాదాపు 1,850 మైళ్లు మనకు మిగిలి ఈస్ట్ పంజాబ్ రైల్వే అయింది, 1952లో ఉత్తర రైల్వేలో కలిసింది. ఆ రైల్వేకు స్లీపర్లో కంకరో యూనిఫాం గుడ్డో అందించి, సెక్యూరిటీ డిపాజిట్ కట్టి, బిల్లు పాసయ్యేలోగా ప్రాణాలు అరచేత పట్టుకుని సరిహద్దు దాటిన వ్యాపారి పరిస్థితి ఏమిటి? మెజర్‌మెంట్ బుక్కులు, రసీదులు, సంతకం చేయాల్సిన అధికారి, అన్నీ అవతలే. రైల్వే మీద దావా వేయాలంటే రెండు నెలల ముందు ఆ రైల్వే జనరల్ మేనేజర్‌కు నోటీసు ఇవ్వాలంటుంది సివిల్ ప్రొసీజర్ కోడ్. ఆ కుర్చీ లాహోర్‌లో ఉండిపోయింది.

నిర్వాసితులు ఇక్కడి కోర్టుల్లో దావాలు వేసుకునేందుకు 1948లో చట్టం తెచ్చారు. మంచి పనే. కానీ కోర్టు గడప ఎక్కాక ఎదురయ్యేది ఎనిమిదో అధికరణమే. లాహోర్ కంటోన్మెంటులోని మిలటరీ ఫారానికి పశుగ్రాసం సరఫరా చేసిన ఒక సంస్థ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విభజన నాటికి ఆ ఫారం పాకిస్తాన్ అవసరం, కాబట్టి బాధ్యత భారత ప్రభుత్వానిది కాదని 1957లో తీర్పు వచ్చింది. ఉత్తర్వులోని మాటలను బట్టి చూస్తే అందులో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పంతా ఆ మాటల్లోనే ఉంది. పరాయి ప్రభుత్వాన్ని ఇక్కడి కోర్టుకు లాగడం మామూలుగా కుదరదు, అక్కడికి తిరిగి వెళ్లే దారీ లేదు.

రైల్వే విషయంలో ఈ కొలబద్ద మరీ అన్యాయం. మొఘల్‌పురా స్టోర్సులో దించిన సామాను ముల్తాన్‌కూ వెళ్లొచ్చు, అంబాలాకూ వెళ్లొచ్చు. అది ఏ దేశపు అవసరమో ఇచ్చిన మనిషికి ఎలా తెలుస్తుంది?

నిర్వాసితుల క్లెయిముల కోసం 1950లో వచ్చిన చట్టం స్థిరాస్తులకే పరిమితం. ఇల్లు పోయినవాడు అర్జీ పెట్టుకోగలిగాడు. బిల్లు రానివాడికి అందులో చోటే లేదు.

సర్కారుకు మరో దారి తెలియక కాదు. ప్రభుత్వ బాండ్లు కొన్నవారి అప్పును భారత్ మొత్తంగా తన నెత్తిన వేసుకుంది. పాకిస్తాన్ వాటాను ఆ దేశం నుంచి తర్వాత రాబట్టుకుంటామంది. అది నేటికీ వసూలు కాలేదు. విభజన పూర్వపు బాకీగా పాకిస్తాన్ నుంచి 300 కోట్లు రావాలని మన బడ్జెట్ పత్రాలు ఏళ్ల తరబడి చూపిస్తూనే వచ్చాయి. బాండు కొన్నవాడికి దక్కిన ఆ భరోసా సరుకు ఇచ్చినవాడికి ఎందుకు దక్కకూడదు? ఇద్దరూ నమ్మింది ఒకే సర్కారును. ముందు చెల్లించి, ఆ తర్వాత అవతలి ప్రభుత్వంతో తేల్చుకోవాల్సింది. ఒక దేశం వసూలు కోసం దశాబ్దాలు ఆగగలదు. శరణార్థి శిబిరంలో కుటుంబంతో ఉన్నవాడు ఆగలేడు.

ఇది తెలుగువారికి దూరపు సంగతేమీ కాదు. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం కూడా పాత కాంట్రాక్టులను 'ఏ రాష్ట్రపు ప్రత్యేక అవసరం' అనే కొలతతోనే పంచింది. ఇలాంటి చట్టం మళ్లీ రాస్తే అందులో ఒక నిబంధన ఉండి తీరాలి: పని పూర్తయినట్టు రుజువైన బిల్లును వారసుల్లో ఎవరో ఒకరు నిర్ణీత గడువులోగా, ఆలస్యానికి వడ్డీతో సహా చెల్లించాలి, వాటాల తగవు ప్రభుత్వాలే తేల్చుకోవాలి.