నీతి లేని కథలు కావాలి

మూడేళ్ళ పిల్లకు ఏ పుస్తకం కొనమంటారని నన్ను అడిగేవారికి నేనిచ్చే మొదటి సలహా ఒకటే. చివరి పుటలో "నీతి" అని అచ్చువేసి ఉన్నదాన్ని మాత్రం కొనకండి. ఈ మాట కొందరికి కోపం తెప్పిస్తుందని తెలుసు. అయినా చెప్పక తప్పదు. పసిపిల్లల పుస్తకాలను మనం రెండు తప్పుడు కొలతలతో ఎంచుకొంటున్నాం. ఒకటి నీతి. రెండవది ఇంగ్లీషు నుండి అరువు తెచ్చుకొన్న పదాల లెక్క.

ముందు నీతి సంగతి చూద్దాం. ఏ పుస్తకాల దుకాణంలోనైనా పసిపిల్లల అర ముందు నిలబడండి. అక్షరమాల, అంకెలు, పండ్లు, జంతువులు, ఆపైన వరుసగా నీతికథలు. కథ అంటే చేదుమాత్రకు పూసిన బెల్లమని మన పెద్దల నమ్మకం. పిల్లలు అమాయకులే గాని తెలివితక్కువవారు కారు. బెల్లం చప్పరించి మాత్రను ఉమ్మివేస్తారు. కొన్నాళ్ళకు బెల్లాన్ని కూడా అనుమానించడం నేర్చుకొంటారు. పుస్తకమంటే తమను దిద్దడానికి వచ్చినదని ఒకసారి అర్థమైన పిల్లను మళ్ళీ దాని దగ్గరకు తీసుకురావడం సులభం కాదు.

నీతి లేకుంటే కథకు ప్రయోజనమేమిటంటారా? నాదొక ఎదురుప్రశ్న. ఏడుచేపల కథకు నీతి ఏమిటి? ఒక చేప ఎండలేదు. నేరం గడ్డిమేటు నుండి ఆవుకు, ఆవు నుండి దాన్ని మేపవలసినవాడికి, వాడి నుండి అవ్వకు, అవ్వ నుండి ఏడ్చిన పాపకు, చివరకు చీమకు చేరుతుంది. చీమ తన తప్పేమీ లేదంటుంది. ఎవరికీ శిక్ష పడదు, ఎవరూ మారరు. అయినా తరతరాలుగా తెలుగు పిల్లలు విన్న తొలికథల్లో అదొకటి. కారణం దాని అచ్చులో ఉంది. ప్రతి మెట్టులోనూ అదే ప్రశ్న, అదే తీరు, మనిషి మాత్రమే కొత్త. మూడో మెట్టుకు వచ్చేసరికి చెప్పేవారికంటే ముందే వినే పిల్ల ప్రశ్న అడిగేస్తుంది. రాబోయే వాక్యాన్ని ముందుగా ఊహించగలగడమే చదువుకు తొలిమెట్టు. పాశ్చాత్య విద్యావేత్తలు గ్రంథాలు రాసి నిరూపించిన ఈ సంగతిని మన అమ్మమ్మలు ఆచరణలో పెట్టి ఊరుకొన్నారు.

"మేమంతా చందమామ చదివి పెరగలేదా?" అన్నది తరచు వినవచ్చే మరొక వాదన. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికపై నాకు గౌరవం తక్కువేమీ కాదు. కాని అది తనంత తాను చదువుకోగలిగిన పిల్లలది. వపా, చిత్ర, శంకర్ల బొమ్మలు అద్భుతమే అయినా, వాటిని తీసివేస్తే కథ నిలుస్తుంది. బొమ్మల పుస్తకంలో అలా నిలవకూడదు. ప్యాట్ హచిన్స్ 1968లో వెలువరించిన "రోజీస్ వాక్" అనే పుస్తకంలో ఉన్నవి మొత్తం 32 మాటలు, ఒకే వాక్యం. ఒక కోడిపెట్ట తన దారిన షికారు వెళ్ళి రాత్రి తిండివేళకు తిరిగివస్తుంది. దాని వెనుక పొంచి వస్తూ అడుగడుగునా భంగపడే నక్క గురించి వాక్యంలో ఒక్క ముక్కా లేదు. నక్క అంతా బొమ్మలోనే ఉంది. చదివే పెద్దకు తెలియనిది చూసే పిల్లకు తెలుసు! ఎర్రపువ్వు బొమ్మ వేసి కింద "ఇది ఎర్రని పువ్వు" అని రాసే మన రచయితలు ఆ పిల్ల కళ్ళను నమ్మడం లేదన్నమాట.

ఇక రెండవ కొలత. అమెరికాలో బడి వాచకాలు నిస్సారంగా ఉన్నాయని 1954లో జాన్ హెర్సీ దుమ్మెత్తిపోశాడు. 1957లో డాక్టర్ స్యూస్ 236 మాటలతోనే "ది క్యాట్ ఇన్ ద హ్యాట్" రాసి చూపాడు. ఆ భాషకు ఆ లెక్క సరిపోయింది. మనం ఆ లెక్కను యథాతథంగా దిగుమతి చేసుకొని, పుటకు ఇన్ని మాటలుంటే మొదటి స్థాయి, అన్ని ఉంటే రెండవ స్థాయి అంటున్నాం. తెలుగులో మాట అంటే ఏమిటో ఆలోచించారా? "అక్కయ్య నిద్రపుచ్చలేకపోయింది" అన్నవి రెండే మాటలు, వాటిలో నాలుగు ఒత్తులు. "మా ఊరి చెరువు నిండా నీరు" అన్నవి అయిదు మాటలు, ఒత్తు ఒక్కటీ లేదు. గుణింతాలు ఇప్పుడిప్పుడే కూడుకొంటున్న పిల్లకు ఏది సులభం? లెక్కించవలసింది మాటలను కాదు, ఒత్తులను, మాట పొడవును. క్యాట్‌కు హ్యాట్ ప్రాస కుదిరింది. పిల్లికి టోపీ కుదరదు సరికదా, మొదటి మాటలోనే ఒత్తు వచ్చి కూర్చుంటుంది.

దీనికి తోడు అనువాదపు తెలుగు. "బంతి రాముచే విసరబడెను" అని ఏ తల్లీ తన బిడ్డతో అనదు. "రాము బంతి విసిరాడు" అంటుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాష కోసం ఉద్యమించి నూరేళ్ళు దాటింది. నాటి గ్రాంథికం పోయి, నేడు ఎవరి నోటా పలకని తర్జుమా భాష ఆ పీటమీద కూర్చుంది. (నేనిక్కడ రాస్తున్న తెలుగు పెద్దల కోసం. మూడేళ్ళవాడికి ఇలా రాస్తే నాకూ ఆ శిక్షే వేయండి.) పుస్తకంలో "మొక్కజొన్న" అని ఉండగా తెలంగాణ పిల్ల "మక్క" అంటే దిద్దకండి. ఆ పిల్ల తప్పు చదవలేదు, అర్థం చేసుకొంది.

అసలు తెలుగులో పుస్తకాలేవీ అంటారా? నేషనల్ బుక్ ట్రస్ట్ ఉంది, చెన్నైలో తూలిక ఉంది, హైదరాబాదులో మంచి పుస్తకం ఉంది. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చువేసుకోవచ్చు. విదేశాల్లో ఉన్నవారికి ఇంతకంటే సులభమైన మార్గం లేదు. అయితే అక్కడున్నవన్నీ మేలిమి అని నేననను. చాలావరకు అనువాదాలే. కనుక ఏరుకోవాలి. కొనేముందు ఒక పుట గట్టిగా చదవండి. నాలుక తడబడితే పక్కన పెట్టండి. అక్షరాలను అరచేత్తో కప్పి బొమ్మలు చూడండి. అవేమీ చెప్పకపోతే అదీ పక్కన పెట్టండి. మిగిలినదాన్ని ఇంటికి తీసుకువెళ్ళి చదివి వినిపించండి. పిల్ల "మళ్ళీ" అంటే అది మంచి పుస్తకం. అనకపోతే, అందులో ఎంత గొప్ప నీతి ఉన్నా సరే, మీ డబ్బు వృథా.