వాగు తీసిన తర్వాత

2023 జూలై 27 తెల్లవారేసరికి మోరంచవాగు మోరంచపల్లి ఊరి మీద పడింది. అంతకు ముందటి ఇరవై నాలుగు గంటల్లో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన కురిసింది. మోరంచపల్లి జనం డాబాలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగి సీతారాం తండాను ముంచింది. కేసముద్రం దగ్గర రైలుపట్టాల కింద కట్ట కోసుకుపోయింది. ఆ కట్ట పోసి కొద్ది రోజుల్లోనే రైళ్ళు నడిపారు.

కానీ సర్కారు వరద నష్టం రాసుకునే కాగితంలో ఇల్లు, పంట, గొడ్డూ గోదా ఉంటాయి. మబ్బు కమ్మితే గడప దాటలేని మనిషికి అందులో చోటు లేదు. ఊళ్ళో దాన్ని జడుపంటారు, తాయెత్తు కడతారు. వైద్యులు పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అంటారు.

వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల గోడు విన్నాక, 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఈ రుగ్మతను తన జాబితాలో చేర్చింది. వరద, ప్రమాదం, అత్యాచారం ఏదైనా కారణం కావచ్చు. జరిగిపోయినది ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్ళ ముందుకు వస్తుంది. ఆ చోటికి పోలేరు, ఆ మాట ఎత్తనివ్వరు. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడతారు, అయినవాళ్ళ మీద కూడా మనసు పోదు. ఇదంతా నెల దాటి, బతుకును కుంటుపరిస్తేనే ఆ పేరు పెట్టాలి. చాలామంది తమవాళ్ళ అండతో ముందే తేరుకుంటారు. పరీక్ష తప్పినా, ప్రేమ చెడినా ఇదే పేరు వాడేస్తున్నాం. అలా వాడగా వాడగా, నిజంగా నలుగుతున్నవాళ్ళు చెప్పుకున్నా పట్టించుకునేవారుండరు. ఈ రుగ్మత పిచ్చి కాదు. మాటలతో చేసే చికిత్స ఉంది, మందులున్నాయి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ సహాయవాణి టెలిమానస్ 14416 నంబరుకు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు.

ఇలాంటి గాయాలు మన చరిత్రలోనూ ఉన్నాయి. జనగామ ప్రాంతం 1946 జూలై 4ను మరువలేదు. ఆ రోజు తెలంగాణ సాయుధ పోరాటంలో కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగాడు. ఆ చప్పుడు విన్న ఇళ్ళలో తర్వాత ఎట్లా నిద్రపోయారన్నది మన వీరగాథల్లో అరుదు. ఆ పోరాటంలోని స్త్రీల మాటలను 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం వినిపించింది. భయం, బిడ్డను వదులుకున్న దుఃఖం అందులో వాళ్ళ నోటనే వచ్చాయి. వాళ్ళకు ఇప్పుడు రోగం పేరు అంటించడం తగదు. కానీ అంత ఓపికగా వినడం సాహిత్యం చేయగల పని. వరద ఊళ్ళ నుంచి అలాంటి కథనాలు రావాలి.

సర్కారు చేయవలసిందీ ఉంది. వాగు తీసిన నెల తర్వాత ఒకసారి, మళ్ళీ వానాకాలం ముందొకసారి ఆశా కార్యకర్త ఆ గడపలు తొక్కాలి. బీపీ, షుగరు అడిగే ఆమెకే నిద్ర సంగతి అడగడం నేర్పాలి. జవాబు బాగా లేకపోతే జిల్లా ఆసుపత్రిలో ఎవరి దగ్గరికి, ఏ రోజు పంపాలో కూడా చెప్పి ఉంచాలి.