రేవు లేని ఒక రోజు

"ఎవరి మొక్కమ్మా?"

ఓడ ఎక్కబోతున్నామని చెప్పగానే మా వీధిలో మొదట వచ్చిన ప్రశ్న ఇది. తిరుపతిలో ఉండేవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. లోకమంతా మా ఊరికి మొక్కు తీర్చుకోవడానికే వస్తుంది. మేము ఊరు దాటినా కాళహస్తికో, కాణిపాకానికో, కంచికో. ఆడవాళ్ళు ఇల్లు కదలాలంటే పెళ్ళో, పురుడో, చావో ఉండాలి. లేదంటే దేవుడు పిలవాలి. మేము వెళ్ళేచోట గుడి లేదు, చుట్టాలు లేరు, అసలు ఊరే లేదు. చెన్నై రేవులో ఓడ ఎక్కి, బంగాళాఖాతంలోకి పోయి, ఎక్కడా దిగకుండా తిరిగి చెన్నైకే రావడం. రెండు రాత్రులు, మధ్యలో నిండుగా ఒక పగలు. "మరి ఏం చూడ్డానికి?" అన్నారు. దానికి నా దగ్గరా జవాబు లేదు.

చెన్నై నుంచి ఇలాంటి విహార నౌక 2022 జూన్ 4న బయలుదేరింది. తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ జెండా ఊపారు. అది విశాఖకు కూడా వచ్చింది కానీ, ఓడలో జూదశాల ఉందన్న గొడవతో ఆ నెలలోనే పుదుచ్చేరి ప్రభుత్వం దాన్ని తమ తీరానికి రానివ్వలేదు. అలాంటి ప్రయాణం గురించి ఈ పత్రికకు రాస్తానంటే మా సంఘంలో ఒక పెద్దావిడ మొహం చిట్లించింది. దూబగుంట తర్వాత సారా వేలంపాటలు ఆపించడానికి ఊరూరా తిరిగిన మనిషి. "తాగే ఓడ, జూదమాడే ఓడ, డబ్బున్నోళ్ళ ఓడ. కూలి రేట్ల గురించి రాయాల్సిన పేజీల్లో షికారు గురించి రాస్తావా?" అంది. అక్క మాటలో న్యాయం ఉంది. ముగ్గురికీ అయిన ఖర్చు ఇక్కడ రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. అయినా రాస్తున్నాను. షికారు డబ్బున్నోళ్ళదే అని మనం ఒప్పుకున్నంతకాలం అది వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది కాబట్టి.

నా పరిశోధన పనిమీద పలమనేరు, పుంగనూరు వైపు ఊళ్ళలో ఆడవాళ్ళను ఒక ప్రశ్న అడుగుతూ వచ్చాను. తీరిక దొరికితే ఏం చేస్తారు? "చింతకాయలు కొట్టి గింజ తీస్తాం", "శెనక్కాయలు వొలుస్తాం" అన్నారు. తీరిక అంటే కూర్చుని చేసే పని అని వాళ్ళ లెక్క. సత్యవేడు దగ్గర ఫ్యాక్టరీ పనికి పోయే అమ్మాయిలను వారం సెలవు గురించి అడిగితే, ఆరు రోజుల బట్టలు ఉతకడం, తల రుద్దుకోవడం, నిద్ర అన్నారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వాళ్ళకు వారానికి ఒక రోజు సెలవు ఇచ్చింది. ఇంటికి ఏ చట్టమూ లేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటివాళ్ళ కోసం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఇది చేసే మగవాళ్ళ సగటు మాత్రమే. అసలు వేలు కదపనివాళ్ళు ఈ 88లోకి రానే రారు!

మా ప్రయాణం కథ కూడా ఈ లెక్కతోనే మొదలయ్యింది. నేను, అమ్మ, పుత్తూరులో ఉండే వదిన. రెండు రోజులు ఇంట్లో ఉండకపోవడానికి వదిన నాలుగు రోజులు పని చేసింది. పచ్చళ్ళు, పొడులు, పులుసు, మూడు గిన్నెల్లో వేర్వేరు పూటలకు తోడుపెట్టిన పెరుగు, దేంట్లో ఏముందో రాసి గోడకు అతికించిన కాగితం. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చున్నాక కూడా తిరుత్తణి దాటేదాకా ఫోన్లో గ్యాస్ కట్టేయమని చెబుతూనే ఉంది.

ఓడ తీరం దాటి కొంత దూరం పోయాక ఫోన్లు పనిచేయడం మానేశాయి. వదిన మొదట కంగారు పడింది. రెండుమూడు సార్లు ఫోను పైకెత్తి చూసింది. తర్వాత దాన్ని సంచిలో అడుగున పెట్టేసింది. మర్నాడు పొద్దున పదింటిదాకా నిద్రపోయింది. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో జ్వరం లేకుండా పదింటిదాకా పడుకోవడం ఇదే మొదలని చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె నవ్వలేదు.

అమ్మ సంగతి వేరు. డెబ్బై దాటిన మనిషి. అలవాటు ప్రకారం నాలుగున్నరకే లేచింది. ముగ్గు లేదు, పొయ్యి లేదు, పాలవాడు రాడు. "ఇప్పుడేం జెయ్యాలమ్మే?" అని నన్ను లేపింది. ఏమీ చేయక్కర్లేదన్నాను. ఆ మాట ఆమెకు అర్థం కావడానికి సగం పూట పట్టింది. టిఫిన్ల దగ్గర పక్క బల్ల మీది ప్లేట్లు కూడా ఎత్తబోయింది. తర్వాత పైఅంతస్తులో కడ్డీ పట్టుకుని నిలబడింది. మా పాత చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి సూళ్ళూరుపేట, వాకాడు వైపు మండలాలు కలిశాకే మాకంటూ ఒక తీరం వచ్చింది. అమ్మ సముద్రాన్ని చూసింది రామేశ్వరంలో, అదీ స్నానం చేసి తర్పణాలకు నీళ్ళు అందించే తొందరలో. ఇప్పుడు ఏ దిక్కు చూసినా గట్టు కనబడని నీళ్ళు. మూడు గంటలు కూర్చుంది. జపం చేసుకుంటోందేమో అనుకున్నాను. "లేదు, ఊరికే చూస్తా ఉండా" అంది. అమ్మ నోట 'ఊరికే' అనే మాట తిట్టుగా తప్ప నేను ఎప్పుడూ వినలేదు. ఊరికే కూర్చునే కోడలు, ఊరికే తిరిగే కూతురు!

ఆ పగలు నాకు ఎంత బాగుందో చెప్పకపోతే అబద్ధమవుతుంది. పుస్తకం తెరవలేదు. ఎండ, ఉప్పుగాలి, కాళ్ళ కింద ఇంజన్ సన్నటి వణుకు. మధ్యాహ్నం ముగ్గురం పడుకుని చిన్నప్పటి గంగమ్మ జాతర కబుర్లు చెప్పుకున్నాం. సాయంత్రం జూదశాల ముందు నుంచి నడిచి వెళ్ళాం. మొగుళ్ళ పక్కన నిలబడి చూస్తున్న ఆడవాళ్ళ మొహాల్లో కునుకు తప్ప ఏమీ కనిపించలేదు.

మరి ఆ మంచం దుప్పటి మార్చింది ఎవరు? వదిన, గది సర్దే అమ్మాయి వచ్చేలోపే పక్కలు తనే సర్దేసింది. సిగ్గు వేసిందట. ఆ అమ్మాయి ఈశాన్య రాష్ట్రాల పిల్ల. ఇంటికి డబ్బు పంపుతుంది, నెలల తరబడి నీళ్ళమీదే ఉంటుంది. మాకు సెలవు రోజైన ఆ పగలు ఆమెకు మరింత పని ఉన్న రోజు, ఎందుకంటే రేవు లేని రోజున ప్రయాణికులెవరూ ఓడ దిగరు. 2006 నాటి సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒడంబడిక 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఉండాలంటుంది. మనదేశం 2015లో దాన్ని ఆమోదించింది. ఓడ కూలీకి విశ్రాంతి గంటలు కాగితం మీదైనా ఉన్నాయి. వదినకు ఆ కాగితం కూడా లేదు. ఒకరి తీరిక ఇంకొకరి చాకిరీ మీద నిలబడిందని తెలుసుకుని తీరికనే వదులుకోమంటే నేను ఒప్పుకోను. ఇద్దరికీ గంటలు లెక్కకట్టమని అడుగుతాను.

చెన్నై రేవు మా ప్రాంతపు ఆడవాళ్ళకు కొత్త కాదు. 1860 అక్టోబరులో 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి చెరకు తోటల కూలీలను ఎక్కించుకుని నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ తర్వాత అయిదు దశాబ్దాలు అలాంటి ఓడలు వెళ్తూనే ఉన్నాయి. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. 1911దాకా చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటులో భాగం. నాటాల్‌కు పోయిన కూలీల్లో ఉత్తర ఆర్కాటు వాళ్ళు చాలామంది. నెలకు పైగా సముద్రం మీద ఉన్న ఆ స్త్రీలను ఎవరూ ఊరికే కూర్చోబెట్టడానికి తీసుకుపోలేదు. సముద్రం దాటితే కులం పోతుందన్న భయం పెద్దకులాల ఇళ్ళలో ఉండేది. కూలి ఆడదాని విషయంలో ఆ శాస్త్రం ఎవరికీ గుర్తుకు రాలేదు. పనికోసమైతే సముద్రమూ దాటించారు. ఇవాళ మదనపల్లె, రాయచోటి నుంచి కువైట్ ఇళ్ళలో పనికి పంపుతున్నదీ అంతే. పనికి దూరం అడ్డం కాదు, తీరికకు పక్కవీధి కూడా దూరమే.

విశ్రాంతి, తీరిక మనిషి హక్కు అని 1948 మానవహక్కుల ప్రకటన 24వ అధికరణం చెప్పింది. మనదేశం 1993లో ఆమోదించిన స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒడంబడిక 13వ అధికరణంలో వినోదంలో పాల్గొనే హక్కు స్పష్టంగా ఉంది. మన శిక్షణ శిబిరాల్లో ఈ ఒడంబడికను ఎన్నోసార్లు చదివించాం. హింస దగ్గర ఆగాం, ఆస్తి దగ్గర ఆగాం, 13 దగ్గర ఆగిన గుర్తు నాకు లేదు. మన శిబిరాల సంగతే చూడండి. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి దాకా ఉపన్యాసాలు, చర్చలు, నివేదికలు. ఒక మధ్యాహ్నం ఖాళీగా వదిలితే నిధులిచ్చేవాళ్ళు 'ఫలితం ఏమిటి' అని అడుగుతారని మనకే భయం.

ఆ భయం పక్కనపెట్టి, వాకాడు దగ్గర తూపిలిపాలెం తీరానికి పొదుపు సంఘాల ఆడవాళ్ళను ఒక రోజు తీసుకుపోదామని మా సమావేశంలో ప్రతిపాదించాను. ఉపన్యాసం లేదు, బ్యానర్ లేదు, పిల్లల్ని తేవక్కర్లేదు. సారా ఉద్యమం నాటి అక్క కాసేపు ఆలోచించి, "బస్సు ఖర్చు నేను చూస్తా" అంది. మిగతావాళ్ళు అడిగింది ఒకే ప్రశ్న: "మరి అక్కడ వంట ఎవరు చేస్తారు?" మగవాళ్ళ చేత చేయిద్దామన్నాను. గదంతా నవ్వు. ఆ నవ్వు ఆగాక, ఎవరి ఇంటాయన వండగలడో పేర్లు రాయడం మొదలుపెట్టాం. ఇప్పటికి మూడు పేర్లు వచ్చాయి. అందులో ఒకాయనకు అన్నం ఒక్కటే వచ్చట.