ఆఫీసులో అరుగు ఏదీ?

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. ఆ భవనాలకు ఏ రంగు పూయాలన్న పంచాయితీ 2020లో హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా పోయింది. గోడ బయటి రంగు కోసం అంత కొట్లాట! గోడ లోపల ఎట్లా ఉండాలో ఒక్క నాయకుడైనా అడిగాడా?

తడ నుంచి కావలి దాకా నెల్లూరు తీరంలో చిన్న ఆఫీసు అనగానే ఫాల్స్ సీలింగ్, అద్దాల పార్టిషన్, ఇనుప బీరువా. ఉప్పుగాలికి బీరువా తుప్పు పడుతుంది. కరెంటు పోతే ఉద్యోగి ఉడికిపోతాడు. 1984 నవంబర్ తుఫాను విరుచుకుపడిన తీరం ఇది. కరెంటును నమ్ముకుని గది కడతారా?

పాతవాళ్లు పులికాట్ గుల్ల కాల్చిన సున్నాన్ని గానుగాడించి, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి గోడకు పూశారు. ఆ పూత చెమ్మను పీల్చి మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు మీది ప్లాస్టిక్ పెయింటు వదలదు, పొలుసులుగా రాలుతుంది. గుల్ల కోసం పక్షుల సరస్సును తోడమని అనడం లేదు, రాతిసున్నం చాలు. ఆరడానికి వారాలు పడుతుంది, నిజమే. బిల్లు తొందర కాంట్రాక్టరుది, మనది కాదు.

పన్నెండడుగుల గదికి ఎదురెదురుగా రెండు కిటికీలు, పైన వెంటిలేటర్లు. బీరువా బదులు కొయ్య తలుపులున్న గోడగూళ్లు. కర్టెనుకు వెంకటగిరి నేత, తలుపు పిడికి ఉదయగిరి కొయ్యపని. ముఖ్యంగా, లోపలి గోడ వెంట అడుగున్నర ఎత్తు అరుగు, దానిపైన కడప బండ. పింఛను కోసం మైపాడు నుంచో జువ్వలదిన్నె నుంచో వచ్చిన ముసలమ్మ కౌంటరు ముందు గంటలకొద్దీ ఎందుకు నిలబడాలి?

ఇక్కడొక మాట. పాత అరుగు అందరిదీ కాదు. దళితుణ్ణి, యానాదిని దాని మీద కూర్చోనిచ్చిన ఊళ్లెన్ని? వారసత్వం పేరుతో ఆ అరుగును ఉన్నదున్నట్టు మోసుకొస్తే అది మనకొద్దు. సున్నం తెచ్చుకుందాం, చల్లదనం తెచ్చుకుందాం. కులం గడప బయటే ఉండాలి. అరుగు ఎత్తూ, ఆఫీసరు కుర్చీ ఎత్తూ ఒక్కటే ఉండాలి.

ఉద్యోగ మిత్రులారా, ఈసారి రిపేరు ఎస్టిమేటు రాసేటప్పుడు ఫాల్స్ సీలింగ్ కొట్టేయించి అరుగు రాయించండి. ఇంజనీరు కుదరదంటే ఏ రూలు అడ్డమో కాగితం మీద రాసిమ్మనండి.