పోటీకి వెళ్లేది పిల్లవాడా, కిట్టా?

ప్రవేశాల కాలం వచ్చిందంటే ప్రైవేటు బడుల కరపత్రాల్లో ఈతకొలను ఫొటో పక్కన ఇప్పుడు రోబోటిక్స్ ల్యాబ్ ఫొటో తప్పనిసరి అయింది. ఈ వారం పేపరు మడతల్లోంచి జారిపడ్డ కరపత్రంలో మెడలో పతకాలతో పిల్లలు వరుసగా నిలబడ్డారు. వాళ్ల ముందున్న బండ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఒకే కంపెనీ కిట్టు కొని, ఒకే పుస్తకం చూసి బిగిస్తే మరోలా ఎలా ఉంటాయి? చాలాచోట్ల కిట్టు ఖరీదు ఫీజులోనే కలిసిపోతుంది. ప్రోగ్రాం రాసిపెట్టేది బయటి నుంచి వచ్చే కోచింగ్ మాస్టారు. పిల్లవాడికి మిగిలేది మీట నొక్కడమే.

రోబో పోటీలు వద్దని కాదు. అవి పిల్లల్ని ఎంత ఎత్తుకు తీసుకుపోగలవో తెలుసు కాబట్టే ఇంత కోపం.

అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో కార్ల్ హేడెన్ అనే ప్రభుత్వ హైస్కూలుంది. అక్కడ చదివేవాళ్లలో ఎక్కువమంది పేద మెక్సికన్ కుటుంబాల పిల్లలు. 2004లో ఆ బడి నుంచి నలుగురు కుర్రాళ్లు, ఇద్దరు టీచర్ల తోడుతో, శాంటా బార్బరాలో జరిగిన నీటి అడుగు రోబోల పోటీకి వెళ్లారు. పేరిచ్చింది కాలేజీల విభాగంలో. అవతల ఎంఐటీ జట్టు, దాని వెనక ఎక్సాన్‌మొబిల్ డబ్బు. వీళ్ల రోబోకు అయిన ఖర్చు సుమారు 800 డాలర్లు. ఒళ్లంతా పీవీసీ పైపులే. పైపులు అతికించిన జిగురు కంపు వల్ల దానికి 'స్టింకీ' అని పేరుపెట్టుకున్నారు. తీరా నీళ్లలో దించితే బ్యాటరీలున్న పెట్టె కారింది. ఒక కుర్రాడు దుకాణానికి వెళ్లి నెలసరికి వాడే టాంపన్లు కొనుక్కొచ్చాడు. వాటిని పెట్టెలో కుక్కితే కారిన నీళ్లను అవి పీల్చేసుకున్నాయి. జడ్జీలు లేజర్ గురించీ, మోటార్ల గురించీ గుచ్చి గుచ్చి అడిగితే జవాబులు చెప్పింది ఆ కుర్రాళ్లే. మొత్తం మీద మొదటి స్థానం వాళ్లకు, రెండోది ఎంఐటీకి.

ఆ నలుగురికీ అమెరికాలో ఉండటానికి కాగితాలు లేవు. అలాంటి విద్యార్థులు కాలేజీలో స్థానికుల ఫీజు కట్టి చదవడానికి వీల్లేదని అరిజోనా ఓటర్లు 2006లో తీర్పిచ్చారు. దాంతో వాళ్లలో ఒకడైన క్రిస్టియన్ ఆర్సెగా యూనివర్సిటీ చదువు మధ్యలో ఆపేశాడు. ఆస్కార్ వాస్క్వెజ్ మాత్రం 2009లో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, తనంత తాను మెక్సికో వెళ్లిపోయి, మరుసటి ఏడాది చట్టబద్ధంగా తిరిగొచ్చి అమెరికా సైన్యంలో చేరాడు. కప్పు వాళ్ల కష్టాలు తీర్చలేదు. ఆ పెట్టె ఎందుకు కారిందో, ఏం చేస్తే నిలిచిందో తెలిసిన తెలివి మాత్రం ఎవరూ లాక్కోలేనిది.

జపాన్‌లో మసాహిరో మోరి అనే ప్రొఫెసర్, చేత్తో చేస్తేనే తెలివి అబ్బుతుందన్న ఈ సంగతి ముందే పట్టుకున్నాడు. ఆయన తన విద్యార్థులకు పెట్టిన పరీక్ష: టార్చిలైటులో వేసే బ్యాటరీలు రెండే ఇస్తాం, వాటితో మనిషిని మోసుకుపోయే బండి చేయండి. ఆ ఆలోచనే 1988లో ఎన్‌హెచ్‌కే టీవీ రోబోకాన్‌గా ఎదిగింది. ఇక డీన్ కామెన్ స్థాపించిన 'ఫస్ట్' సంస్థ 1992లో న్యూహ్యాంప్‌షైర్‌లో 28 జట్లతో తొలి పోటీ పెట్టింది. ఇప్పుడు ఆ పోటీల్లో ఒక ఆటలో ప్రత్యర్థి అయిన జట్టు మరో ఆటలో జోడీ కావచ్చు. అందుకే అవతలివాళ్ల మోటారు కాలిపోతే తమది తీసిచ్చే పిల్లలు అక్కడ కనిపిస్తారు. అయితే ఒక్క జట్టు పేరు నమోదుకే వేల డాలర్లు కావాలి. డాలస్‌లో, బే ఏరియాలో మన తెలుగు పిల్లలు ఈ జట్లలో చేరుతున్నారు, సంతోషమే. కాలేజీ దరఖాస్తులో ఒక వరుస కోసమే చేరినవాళ్ల చేతికి మాత్రం స్క్రూడ్రైవరు రాదు.

మన దగ్గర డబ్బు లేదనడానికి వీల్లేదు. అటల్ టింకరింగ్ ల్యాబు ఒక్కోదానికి కేంద్రం 20 లక్షల రూపాయల దాకా ఇచ్చింది. అలాంటివి దేశంలో 10 వేలు దాటాయి. ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లలో మరో 50 వేలు పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. మంచి దారీ లేకపోలేదు: ఐఐటీ బాంబే నడిపే ఈ-యంత్ర పోటీలో ఇంజినీరింగ్ జట్లకు సామగ్రి ఉచితంగా పంపుతారు, నెలల తరబడి పని ఇచ్చి చేయిస్తారు. ఆ పని అద్దెకు తెచ్చిన మాస్టారి వల్ల అయ్యేది కాదు.

అసలు జబ్బు బడి దాటాక, ఇంటర్‌లో ముదురుతుంది. ఈఏపీసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు. అందులో ఒక్కటీ చేతిని అడగదు. కాబట్టి కార్పొరేట్ కాలేజీలో ల్యాబు గది ఉంటుంది, తలుపే తెరుచుకోదు. స్క్రూగేజి, సోనోమీటరు, మీటరు బ్రిడ్జి బొమ్మలు రికార్డులోకి ఎక్కుతాయి, రీడింగులు పాత రికార్డు నుంచి దిగుతాయి. ఫిజిక్స్‌లో 30కి 30, కెమిస్ట్రీలో 30కి 30. బ్యూరెట్‌ను ఒక్కసారైనా సరిగ్గా పట్టుకోని పిల్లలకు ఈ మార్కులు ఎలా వస్తున్నాయో పరీక్షకులకు తెలుసు, యాజమాన్యాలకు తెలుసు, తల్లిదండ్రులకూ తెలుసు. ప్రాక్టికల్స్‌కు జంబ్లింగ్ పెడతామంటే ప్రైవేటు కాలేజీలు ఎందుకంత గోల చేశాయి? ల్యాబు నిజంగా నడిపేవాళ్లకు వేరే కాలేజీలో పరీక్ష రాయించడానికి భయమెందుకు?

ఆ పిల్లవాడే బీటెక్ చివరి ఏడాదికి హైదరాబాద్‌లోని అమీర్‌పేట వెళ్లి తయారుగా ఉన్న ప్రాజెక్టు కొనుక్కుంటాడు. ఆరో తరగతిలో కిట్టు, ఇంటర్‌లో రికార్డు, బీటెక్‌లో ప్రాజెక్టు: మూడూ కొన్నవే. అదే నగరంలో, కోఠి గుజరాతీ గల్లీలో, జేబుడబ్బుతో మోటార్లూ సెన్సర్లూ బేరమాడి కొనుక్కుని గదిలో సోల్డరింగ్ చేసుకునే కుర్రాళ్లున్నారు. వాళ్లకు ఏ కరపత్రంలోనూ చోటు లేదు.

పోటీలు పెట్టేవాళ్లు రోబో ఖర్చుకు గరిష్ఠ పరిమితి విధించాలి. మాస్టారిని హాలు బయట ఉంచి, ఒక తీగ పీకి, బండిని మళ్లీ నడిపించమని పిల్లల్ని అడగాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ ప్రాక్టికల్స్‌ను వేరే కాలేజీలో, బయటి పరీక్షకుడి ముందే పెట్టాలి. ఏడాదిలో ఏ ప్రయోగం ఏ తేదీన ఎవరెవరు చేశారో చూపలేని కాలేజీకి గుర్తింపు పొడిగించకూడదు.