అష్టమినాటి చంద్రుడు

పౌర్ణమి వచ్చిందంటే చాలు, ఈ మధ్య మన డాబాలమీద ఒక కొత్త తంతు మొదలయింది. భోజనాలు కాగానే ఇంటిల్లిపాదీ పైకెక్కి, తలొక సెల్‌ఫోనూ ఎత్తిపట్టి చంద్రుణ్ణి ఫోటో తీస్తారు. తీరా చూస్తే నల్లపలకమీద సుద్దచుక్క! "కంటికి ఇంత కనిపిస్తున్నాడు గదా, ఇందులో ఇంతేనేమండీ?" అని మా యింటావిడ కూడా అడిగింది.

ఫోను అబద్ధమాడలేదు. చంద్రబింబం వెడల్పు ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే. చెయ్యి బారజాపి చిటికెనవేలు అడ్డం పెట్టండి. గోరు చాటున చంద్రుడు మొత్తం దాగిపోతాడు. మనసుకు పెద్దవాడు గనక కంటికీ పెద్దవాడయాడు.

ఇక ఆ చుక్క సున్నం కొట్టినట్లు తెల్లబోవడానికి కారణం వేరు. మనకు రాత్రేగాని, మనం చూసే ఆ వెలుగుభాగంలో పట్టపగలు. వెన్నెల అని మురిసిపోయేది అక్కడి రాళ్ళమీద పడ్డ ఎండే. పైగా ఆ నేల పాలనురుగేమీ కాదు. పడిన వెలుగులో నూటికి 12 పాళ్ళు మాత్రమే తిప్పి పంపుతుంది. అంటే పాతబడ్డ తారురోడ్డుకి జోడు. తెలుగు పంతులునై ఈ మాట వ్రాయడానికి చెయ్యి రావడం లేదు గాని, నిజం నిజమే. ఫోను చుట్టూ ఉన్న చీకటిని చూచి వెలుగు ఎక్కువగా లోపలికి రానిస్తుంది. చాలా ఫోనుల్లో తెరమీద చంద్రుణ్ణి వేలితో నొక్కి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి జరిపితే మచ్చలు తేలతాయి.

అసలు చంద్రుణ్ణి చూడటానికి పౌర్ణమి అంత పనికిరాని రోజు లేదు. కవులు క్షమించాలి. మేస్త్రీ గోడకు పూత సరిగా కుదిరిందో లేదో చూడటానికి దీపం ఎదురుగా పెట్టడు, పక్కవాటంగా పట్టి చూస్తాడు. అప్పుడు చిన్న గతుకు కూడా నీడ వేసి బయటపడుతుంది. పౌర్ణమినాడు ఎండ చంద్రుడికి ఎదురుగా పడుతుంది. నీడలుండవు, కొండా గుంటా ఏకమైపోతాయి. అష్టమినాడు పక్కనుంచి పడుతుంది. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడే ఉంది తమాషా అంతా.

ఇందుకు మన పంచాంగమే చాలు. సూర్యచంద్రుల ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. సరిగ్గా 90 డిగ్రీలయ్యేది శుక్ల అష్టమి నడుమ. అష్టమికి ప్రయాణం పెట్టుకోని ఇళ్ళలో కూడా దుర్భిణికి మాత్రం అదే మంచి ముహూర్తం. అష్టమి, నవముల్లో చంద్రుడి నడిబొడ్డున టాలెమీ, అల్ఫాన్సస్, అర్జాకెల్ అనే మూడు పెద్ద గుంటలు వరుసగా కనిపిస్తాయి. దశమికి, 93 కిలోమీటర్ల వెడల్పున్న కొపర్నికస్ గుంటలో తెల్లవారుతుంది. ఆ వెలుగుగీత చంద్రుడి నడుముమీద గంటకు సుమారు 15 కిలోమీటర్ల చొప్పున జరుగుతుంది, సైకిలువాడు అందుకోగలడు. 1609లో గెలీలియో ఆ గీతకు అవతల, చీకట్లో, వెలుగుచుక్కలు చూచి, అవి ముందుగా ఎండ తగిలిన కొండకొమ్ములని గ్రహించాడు. బైనాక్యులర్సు ఉంటే పిట్టగోడకు ఆనించి చూడండి. చేత పట్టుకుంటే చంద్రుడు గంతులేస్తాడు. పగటిపూట మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. అందులోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్ళు పోతాయి.

ఫోటో తీసే సరదా ఇప్పటిది కాదు. 1840లోనే న్యూయార్కులో జాన్ విలియం డ్రేపర్ అనే ఆచార్యుడు, వెండిపూత రేకుమీద 20 నిమిషాలు వెలుగు పడనిచ్చి చంద్రుణ్ణి పట్టాడు. అదే యేడు మన విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు సొంత వేధశాల నెలకొల్పారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటిపోవడాన్ని అంకితం వెంకట నరసింగరావుగారు విశాఖలోనే పరిశీలించారు.

గ్రహాల దగ్గరకు వస్తే తంటా గాలితో. పగలంతా కాగిన డాబా రాత్రి వేడి కక్కుతూంటే గురుడు పొయ్యిమీది ఎసరులా కుతకుతలాడతాడు. మధ్యమధ్య ఒక్క క్షణం గాలి నిలకడపడి చారలు స్పష్టమై మళ్ళీ చెదిరిపోతాయి. అందుకే ఇప్పటి ఔత్సాహికులు గ్రహాన్ని ఫోటో తీయరు, వీడియో తీస్తారు. అందులోని వేలాది బొమ్మల్లో నిలకడగా ఉన్నవాటిని కంప్యూటరుచేత ఏరించి ఒకదానిపై ఒకటి పేర్పిస్తారు.

ఆ సౌకర్యం లేని రోజుల్లో కన్నే ఏరుకోవాలి, చెయ్యే గీయాలి. ఇక్కడే పెద్ద కథ నడిచింది. 1877లో మిలాను నగరంలో షియాపరెల్లి కుజుడిమీద గీతలు చూచి, ఇటాలియనులో "కనాలి" అన్నాడు. ఆ మాటకు సహజమైన పాయ అనీ అర్థముంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది తవ్విన కాలువయింది! అమెరికాలో పెర్సివల్ లోవెల్ 1894లో ఫ్లాగ్‌స్టాఫ్‌లో వేధశాల కట్టించి, ఏళ్ళ తరబడి ఆ కాలువలు గీసి, ఎండిపోతున్న లోకంలో బుద్ధిమంతులు ధ్రువాలనుంచి నీరు పారించుకుంటున్నారని పుస్తకాలు వ్రాశాడు. అబద్ధాలకోరు కాడు, నిజంగా చూశాననే నమ్మాడు.

1903లో మాండర్, ఎవన్స్ అనే ఇద్దరు గ్రీనిచ్‌లో బడిపిల్లల్ని కూర్చోబెట్టి, దూరాన ఒక బొమ్మ పెట్టి, కనిపించింది గీయమన్నారు. బొమ్మలో చుక్కలూ మరకలూ ఉన్నచోట, మరీ దగ్గరా మరీ దూరమూ కాకుండా కూర్చున్న పిల్లలు తిన్నని గీతలు గీశారు. వాళ్ళకి కుజుడి సంగతి ఎవరూ చెప్పలేదు. విడివిడి చుక్కల్ని కలిపి గీత చేసుకోవడం కంటికి ఉన్న గుణం. 1965 జూలైలో మారినర్ 4 నౌక కుజుడి పక్కగా పోతూ 20 పైచిలుకు ఫోటోలు పంపింది. గుంటలున్నాయి, కాలువలు లేవు.

అంటే కన్ను తప్పినచోట కెమెరా నిలబడిందన్నమాట. విచిత్రమేమిటంటే ఇప్పుడు కెమెరాకే ఆ గుణం పట్టుకుంది. 2023లో ఒకాయన, కావాలని మసకచేసిన చంద్రుడి బొమ్మను కంప్యూటరు తెరమీద పెట్టి, గదిలో దీపాలార్పి, దూరంనుంచి ఫోనుతో ఫోటో తీశాడు. తెరమీద లేని గుంటలు ఫోటోలో వచ్చాయి! ఇది చంద్రుడేనని ఫోను గుర్తుపట్టి, తనకు నేర్పిన చంద్రుణ్ణి అందులో దిద్దిపెట్టింది. లోవెలుకైనా అందుకు సంవత్సరాలు పట్టింది.

అందుచేత మా కాలేజీ పిల్లలకు చెప్పే పద్ధతే మీకూ చెబుతాను. ఈ నెల శుక్ల అష్టమి ఎప్పుడో చూసుకుని, బైనాక్యులర్సుతోపాటు ఒక తెల్లకాగితం, పెన్సిలు, అట్ట పైకి తీసుకువెళ్ళండి. వెలుగుగీత పక్కన కనిపించిన గుంటలు, వాటి నీడలు కనిపించినంతవరకే గీయండి. తెలియనిచోట ఖాళీ వదలండి. తేదీ, వేళ కింద వ్రాయండి. ఫోటో తర్వాత తీసి, రెండూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో మర్నాడు మళ్ళీ చంద్రుణ్ణే అడగండి. మర్నాటికి ఆ గీత కాస్త జరిగి ఉంటుంది గనక, నిన్నటి గుంటల్లో నీడలు పొట్టివై, అడుగున ఏముందో కూడా కనిపిస్తుంది.