త్రాగునీటి కొరకు మాటాడువారు

పైరున తెగులు కన్పించినచో ఆకు కోసికొని మాయొద్దకు వచ్చు రైతు, పిల్లవాని పండ్లు గారకట్టినచో ‘మా ఊరి నీటి గుణ’మని ఊరకుండును. క్రోసూరు సభ్యులతో మేము వాదింపదలచిన దీ విషయమే. కాలువకు నీరు వచ్చునో రాదో తెలియని యేండ్లలో బోరే దిక్కగుచున్నది. ‘మా తాతలును ఈ నీరే త్రాగిరి’ అందురు. వారు త్రాగినది చెరువు నీరు, దిగుడుబావి నీరు. వందల యడుగుల లోతునుండి తోడిన నీరు కాదు. పండ్లను, పిదప ఎముకలను చెరచు ఫ్లోరైడు రుచికి తెలియదు, కాచినను పోదు.

1937లో నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు ఈ వ్యాధిని మనుష్యులయందు నిరూపించిరి. పశువులలో దీనిని అంతకు ముందే గుర్తించిరి. ఎద్దు కుంటినచో నాడే వైద్యునికి చూపుదుము. మనిషి కుంటినచో గ్రహచారమందుము!

1996లో నల్లగొండవారు, జలసాధన సమితి పూనికతో, లోక్‌సభ స్థానమునకు వందలుగా నామినేషనులు వేసిరి. 480 మంది బరిలో నిలువగా ఎన్నికనే వాయిదా వేయవలసివచ్చెను. వారి గోడు దేశమంతట వినబడెను. ఆ యేడే ధరావతు 500 రూపాయలనుండి 10,000కు పెరిగెను గాన ఆ త్రోవ ఇప్పుడు సులభము కాదు.

మన కంత ఆర్భాటము అక్కరలేదని మా తలంపు. బోరు బోరునకు నీరు వేరు. ప్రతిదాని నీటిని శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో గ్రామీణ నీటి సరఫరా శాఖ పరీక్షశాలకు పంపవలెను. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినచో ఆ అంకెను సంఘతీర్మానమున వ్రాసి పంచాయతీకి ఈయవలెను. అంకె తక్కువైనను దాచరాదు. ఒకమారు పెంచి చెప్పినవాని మాట రెండవమారు ఎవరును వినరు. వచ్చు సమావేశమునకు ఎవరి బోరునీరు వారు తెచ్చినచో లెక్క ఆనాడే మొదలుపెట్టుదము.